ఉస్తాద్ వేసిన పిండి

మొన్న మా గల్లీలో ఒక పెళ్ళి విందు. వంటవాడు బిర్యానీ దేగిశా మూత చుట్టూ గట్టిపడిన పిండిని గరిటె వెనకవైపుతో టకటకా కొట్టి ఊడదీస్తుంటే, చుట్టూ ఉన్నవాళ్ళంతా వాసన కోసం ముందుకు వంగారు. నేను లేచి బయటికి వచ్చేశాను. "ఏమైంది కాకా, తినవా?" అని ఎవరో వెనకనుంచి అడిగారు. కడుపులో బాగాలేదన్నాను. అబద్ధం. ఆ పిండిని చూస్తే నాకొక మనిషి గుర్తుకొస్తాడు. అతను గుర్తుకొచ్చిన పూట నాకు ముద్ద దిగదు.

అటువంటి పిండిని నేను మోటారు బానెట్ కింద చూశాను. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. అప్పట్లో పాతబస్తీలో కిరాయి మోటార్లు నడిపేవాళ్ళలో సగంమంది బండ్లకు ఆ పిండి ఉండేది, వేసింది ఒక్కడే. అతని పేరు నాకు తెలుసు, కానీ రాయను. మేమంతా ఉస్తాద్ అనేవాళ్ళం. చనిపోయి చాలా ఏళ్ళయింది. మట్టికి నేను పోలేదు. పోయినవాళ్ళ గురించి చెడు చెప్పకూడదంటారు. నేను మంచీ చెబుతాను, చెడూ చెబుతాను. ఏది ఎంత చెప్పాలో మాత్రం నన్ను అడగవద్దు.

బహదూర్‌పురాలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు అతనిది. షెడ్డు ముందు చక్రాలు లేని పాత మోటారు ఒకటి పడి ఉండేది. దాని మడ్‌గార్డు అతనికి చేతిగుడ్డ. పని మధ్యలో వేళ్ళకంటిన నూనెంతా దానికి రాసేవాడు, అందుకని చచ్చిన ఆ బండి మా అందరి బండ్లకంటే నిగనిగలాడేది. పొట్టి మనిషి. పైజామా ఎడమకాలు మోకాలిదాకా మడిచి ఉండేది, కుడికాలు చీలమండదాకా వదిలి ఉండేది. ఇదేం తీరని అడిగితే, "ఎడమ కాలు పనికి, కుడి కాలు ఇజ్జత్‌కు" అనేవాడు. చెవి మీద, గుమాస్తాలు పెన్సిల్ పెట్టుకునే చోట, పతంగి కాగితం ముక్క ఒకటి పెట్టుకునేవాడు. దాని సంగతి తరవాత చెబుతాను.

జీవితమంతా మోటార్ల కడుపులో చేతులు పెట్టి బతికినవాడు మోటారు ఎక్కేవాడు కాదు. సీటు మీద కూర్చుంటే వాంతి వస్తుందట. బండి ఎలా నడుస్తోందో చూడాలంటే రోడ్డంచున నిలబడి, చెవికి అరచేయి అడ్డం పెట్టుకుని, మమ్మల్ని తన ముందునుంచి పోనిచ్చేవాడు. పోయి తిరిగి వచ్చేసరికి, "మూడోది దగ్గుతున్నది" అనేవాడు. విప్పి చూస్తే మూడో సిలిండరే. ఇందులో మోసం లేదు. అతని చెవి నిజంగా అంత గొప్పది.

అతనికి దమ్ము జబ్బు. లారీ ఏదైనా దుమ్ము లేపుకుంటూ పోయిందంటే, భుజం మీది తడి తువ్వాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుని, దుమ్ము అణిగేదాకా కళ్ళు మూసుకుని నిలబడేవాడు. ఎదురుగా ఎంత పెద్దమనిషి ఉన్నా, మాట ఎంత మధ్యలో ఉన్నా అంతే. దుమ్ము అణిగాక ఆగిన మాటనుంచే మళ్ళీ అందుకునేవాడు.

నేను అతని దగ్గరికి మొదటిసారి పోయింది రెండో ప్రపంచయుద్ధం ఇంకా మొదలుకానప్పుడు. నాది రెండు చేతులు మారి వచ్చిన బండి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం పెళ్ళివారి ఆడవాళ్ళను ఎక్కించుకుని, పురానాపూల్ దాటి ఎత్తు ఎక్కుతుంటే బండి గుటకలు మింగి నిలబడిపోయింది. వెనక సీటుకు పరదాలు కట్టి ఉన్నాయి. పరదా లోపలినుంచి ఒక ముసలామె, "అరే, యే గాడీ హై యా గధా?" అని అరిచింది, ఇది బండా గాడిదా అని. రోడ్డు మీద పోయేవాళ్ళంతా నవ్వారు. చివరికి ఇద్దరు కూలీలు నెట్టి ఎత్తు ఎక్కించారు. ఆ అవమానం మీదే ఉస్తాద్ షెడ్డు వెతుక్కుంటూ పోయాను.

అతను బానెట్ ఎత్తాడు. ఇంజను నడుస్తుండగానే గాలి లోపలికి పోయే మూతి మీద అరచేయి పెట్టి, కళ్ళు మూసుకుని కొంచెం కొంచెంగా మూశాడు. ఇంజను దగ్గింది. చేయి తీశాడు. ఒక కిరసనాయిలు డబ్బా నా చేతికిచ్చి, "పట్టుకో భాయ్" అన్నాడు. పట్టుకున్నాను. నూనె వేళ్ళతో నా ముక్కు గట్టిగా పట్టుకుని, "నోరు మూస్కో. ఇగ నడువు, ఆ రోడ్డుదాక పోయిరా" అన్నాడు. నా ముక్కు వదలకుండా నాతోపాటే నడిచాడు. పది అడుగులకే నాకు కళ్ళు తేలిపోయాయి, డబ్బా దించేశాను.

"ఎట్లుంది?" అన్నాడు.

"చచ్చిపోతుంటి గద ఉస్తాద్!"

"నీ బండి గూడ గదే అంటున్నది. నువ్వు వింటలేవు."

తరవాత విడమరిచి చెప్పాడు. "కంపెనోళ్ళ ఊర్ల చలి. గాలి జర వేడిగుంటెనే వాళ్ళకు పెట్రోలు మండుతది. గందుకనే ఇంజను పక్కకే ముక్కు పెట్టిన్రు. మనకేంది? మే నెలల ఇంజను పక్కన గాలంటె పొయ్యిల గాలి. పీల్చినా కడుపు నిండదు. పైంగ నీ టైరు లేపిన దుమ్మంత సీదా దానికే పోతున్నది. కంపెనోడు పెట్టిన జాలి జూడు, దోసెడు మట్టి ఉన్నది."

అతను చేసే మార్పు ఇదీ. దుమ్ము ఆపడానికి కంపెనీ పెట్టిన చిన్న జాలి డబ్బా తీసి పక్కన పడేసేవాడు. దాని చోట పెద్ద నూనె డబ్బా ఒకటి బిగించేవాడు. దానినుంచి రేకు గొట్టం ఒకటి బానెట్ పక్కగా తీసి, ముందు అద్దం దగ్గరిదాకా ఎత్తులో నిలబెట్టేవాడు, అక్కడ గాలి చల్లగా ఉంటుంది, దుమ్మూ తక్కువ. డబ్బాలో కొబ్బరిపీచు. ఉడకబెట్టి, ఎండబెట్టి, ఆముదంలో నానబెట్టిన పీచు. గాలి ఆ పీచులోంచి దూరి పోతే దుమ్మంతా ఆముదానికి అంటుకుని ఆగిపోతుంది. ఇంజనుకు శుభ్రమైన గాలి అందుతుంది.

ఇక పిండి. అతని తండ్రి ఒక నవాబు దేవిడీ వంటింట్లో పనిచేసేవాడట. దేగిశాలకు మూత పెట్టి, చుట్టూ పిండితో దమ్ కట్టడం, బతుకంతా అదొక్కటే ఆయన పని. "ఆవిరి బయటికి పోవద్దంటె పిండి. దుమ్ము లోపటికి రావద్దంటె? అది గూడ పిండే" అనేవాడు ఉస్తాద్. గోధుమపిండిలో అవిసెనూనె పోసి పిసికి, తాడులా పేని, డబ్బా మూత చుట్టూ పెట్టి బొటనవేలితో నొక్కుకుంటూ పోయేవాడు. ఆ వేలిముద్రలు వరసగా కజ్జికాయ అంచులా పడేవి. పెట్టాక చెవి మీది పతంగి కాగితం తీసి, అతుకుల వెంట మెల్లగా తిప్పేవాడు. ఎక్కడైనా గాలి దొంగతనంగా లోపలికి పోతుంటే కాగితం అక్కడ అతుక్కుంటుంది. అతుక్కోకపోతే పని కుదిరినట్టు. చివరికి గొట్టం పైమూతి దగ్గర పెట్టేవాడు. అక్కడ కాగితం చప్పున అతుక్కునేది. "జూసినవా, ఎక్కడ పీల్చాల్నో గక్కడనే పీలుస్తున్నది" అని నవ్వేవాడు.

"మూత నువ్వు తెరువకు. తెరిస్తె దమ్ పోతది. జుమేరాత్ జుమేరాత్‌కు రా, నేనే తెరిచి పీచు కడిగి మల్ల కట్టిస్త" అనేవాడు ప్రతివాడితోనూ.

ఆ రోజు అదే ఎత్తు మీద నా బండి అరుచుకుంటూ ఎక్కింది. నేను పైకి పోయి, మళ్ళీ కిందికి వచ్చి, ఊరికే ఇంకోసారి ఎక్కించాను. అంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా లేదు. ఈ మాట మా ఆవిడకు ఎప్పుడూ చెప్పలేదు.

అలా నేను అతనికి భక్తుణ్ణయ్యాను. చార్మినార్ దగ్గర బండి ఆపుకుని కిరాయికి ఎదురుచూసే ప్రతి డ్రైవరుకూ బానెట్ ఎత్తి చూపించేవాణ్ణి. పది పన్నెండు మందిని నేనే వెంటబెట్టుకుని తీసుకుపోయాను. జుమేరాత్ అంటే గురువారం, ఆ పొద్దున షెడ్డు ముందు బండ్లు బారులు తీరేవి. అతను ఒక్కొక్క మూత తెరిచి, పీచు కిరసనాయిల్లో కడిగి, ఆముదంలో ముంచి, పిండి పెట్టేవాడు. మేము చాయ్ తాగుతూ ఒకరి బండిని ఒకరం వెక్కిరించుకునేవాళ్ళం. వారానికొక పూట మేము డ్రైవర్లమని మరిచిపోయి మనుషుల్లా కూర్చున్నది అక్కడే. అందుకే ఇంత కోపం నాకు.

రెండో ఏడు ఎండాకాలం దుమ్ము ఎక్కువైంది. గురువారం కడిగిన పీచు ఆదివారానికే మట్టితో పూడుకుపోయేది. బండ్లు మందగించాయి. జుమేరాత్ నాడు చాయ్‌తోపాటు గొణుగుడు కూడా మొదలైంది. "ఉస్తాద్, గుంజుతలేదు" అని ఒకడు. "కంపెనీదే నయముండె" అని ఇంకొకడు. నది అవతలి గట్టు మీద కొత్త షెడ్డు ఒకటి పడిందనీ, అక్కడ బాగా చేస్తారనీ ఒకరిద్దరు అటు జారుకున్నారు. ఉస్తాద్ పీచును ఇంకా ఎక్కువసేపు కడిగేవాడు.

తరవాత ఒక గురువారం, అతను మా బండ్లన్నీ రోజంతా ఉంచుకున్నాడు. డబ్బా కింద మోచేయిలా వంగి ఇంజనుకు అంటుకునే గొట్టం మారుస్తున్నానన్నాడు. "వంపు సక్కగ లేకుండె. గాలి తిరుగుడుల అలుస్తున్నది" అన్నాడు. మాకేం తెలుసు. సాయంత్రం బండి తీసుకుని రోడ్డెక్కితే, దేవుడా, అది బండి కాదు గుర్రం. మస్తుగా లాగుతోంది. కొత్తగా ఒక చప్పుడు కూడా వచ్చింది, వేడి చాయ్ జుర్రినట్టు ఉస్సుమని. "అదేంది ఉస్తాద్?" అంటే, "ఇన్నవా? దమ్ తీస్తున్నది" అన్నాడు. ఆ చప్పుడు వినిపించడానికి మేము గల్లీల్లో కావాలని బండి గుర్రుమనిపించేవాళ్ళం. తరవాతి గురువారం అందరం కలిసి అతని మెడలో పూలదండ వేశాం. దండ తెచ్చింది నేను.

ఆ ఊపులోనే మా బావను తీసుకుపోయాను.

మా అక్కావాళ్ళది ఉప్పుగూడ. పాలవ్యాపారం. అప్పటికి యుద్ధం మొదలైంది. గడ్డి దొరక్క, పశువులకు మేత పెట్టలేక, నేను పోరగా పోరగా బావ బర్రెలను అమ్మి కిరాయికి నడుపుకోవడానికి ఒక మోటారు కొన్నాడు. ఒక పెద్దమనిషి ఇంట్లో ఎండ తగలకుండా ఉన్న బండి అది. ఇంజను గంటలా మోగేది. కంపెనీ పెట్టినవన్నీ పెట్టినట్టే ఉన్నాయి. బావ వాటిని కదపనివ్వలేదు.

"కంపెనోడు తెల్వక పెట్టిండా బామ్మర్దీ? మంచిగున్నదాన్ని ఎందుకు కెలుకుడు?" అన్నాడు.

"నా బండి చూస్తలేవా? ఉస్తాద్ చెయ్యి పడితె నీది ఎగురుతది. నేను జెప్తున్న గద."

"నువ్వు జెప్తున్నవనే భయం" అని నవ్వాడు బావ. పక్కన అక్క ఉంది. "తమ్ముడు చెడు కోరుతడా? పోయి రారాదు" అంది. ఆ మాటతో బావ లేచాడు.

బావది మట్టిరోడ్ల కిరాయి. ఉప్పుగూడ స్టేషన్‌లో దిగినవాళ్ళను ఊళ్ళకు తీసుకుపోయేవాడు. ముందు ఎడ్లబండి పోయినా, లారీ పోయినా, ఆ దుమ్మంతా బావ మీదే. అయినా ఫికర్ లేదు, గురువారం గురువారం నియమంగా వచ్చి పిండి పెట్టించుకునేవాడు. ఏడాది తిరగకుండానే బండి వెనక నీలిపొగ మొదలైంది. ఇంజనాయిలు తాగడం మొదలుపెట్టింది. ఉస్తాద్ రోడ్డంచున నిలబడి విని, "జర వయసైంది" అన్నాడు. ఎండ తగలకుండా పెరిగిన బండికి ఏడాదిలో వయసేమిటని నాకు తట్టలేదు. తట్టనివ్వలేదు అనుకోండి, నమ్మినవాడికి కళ్ళుండవు. ఒకనాడు బావ బండి నడిరోడ్డున టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. విప్పితే సిలిండర్లు లోపల ఆకురాయితో గీకినట్టున్నాయి. పిస్టన్ల చుట్టూ ఉండే రింగులు అరిగి తీగల్లా అయ్యాయి. యుద్ధం వల్ల ఓడలు రావడం లేదు, సామాను దొరకదు. బండిని ఎడ్లతో ఈడ్పించుకుపోయి, బర్రెలు లేక ఖాళీగా ఉన్న కొట్టంలో ఇటుకల మీద నిలబెట్టారు.

నా బండి వెనక కూడా అప్పటికి సన్నగా పొగ కనిపిస్తోంది. ఒక మధ్యాహ్నం చార్మినార్ దగ్గర, గాజులు కొనడానికి పోయిన వాళ్ళకోసం బండి ఆపుకుని కూర్చున్నాను. తెగిన పతంగి ఒకటి రోడ్డు మీద పొర్లుకుంటూ వచ్చి నా కాలికి తగిలింది. దాన్నుంచి ఒక ముక్క చింపాను. పని లేక చేశాను, అనుమానంతో కాదు. ఇంజను నడిపించి, ఉస్తాద్ పెట్టినట్టే గొట్టం పైమూతి దగ్గర కాగితం పెట్టాను. అతుక్కోలేదు. చేతిలో అలా ఊగుతూనే ఉంది. గొట్టం మార్చినప్పటినుంచి ఉస్తాద్ కాగితాన్ని పిండి వెంట తిప్పి ఆపేస్తున్నాడనీ, పైమూతిదాకా తేవడం లేదనీ అప్పుడు తట్టింది. ఇంకొక డ్రైవరును ఆక్సిలేటరు తొక్కమన్నాను. ఉస్సుమని చప్పుడు పెద్దగా వచ్చింది, కాగితం మాత్రం అంటుకోలేదు.

మరి ఇంజను గాలి ఎక్కడినుంచి తాగుతోంది? పిండి వెంట తిప్పాను. ఏమీ లేదు. డబ్బా కిందికి, ఆ మోచేతి గొట్టం అడుగుకు చేయి పోనిచ్చాను. కాగితం నా వేళ్ళలోంచి చటుక్కున లాక్కుపోయి మాయమైంది. ఇంజను ఒకసారి దగ్గి, దాన్ని మింగేసింది.

జనం చూస్తున్నా సరే, రోడ్డు మీద వెల్లకిలా పడుకుని తడిమాను. గొట్టం అడుగున, పైనుంచి ఎంత వంగి చూసినా కనపడని చోట, మూడు పెద్ద రంధ్రాలు. తుప్పు తిన్నవి అనుకుందామని చూశాను, నిజంగా అలా అనుకుందామనే ప్రయత్నించాను. కానీ వాటి అంచులు ఆకురాయి పట్టి నున్నగా చేసి ఉన్నాయి. గాలి తేలికైన దారినే పోతుంది. పీచు వైపు పోనే పోదు. అంటే ఏడాదికి పైగా పైనున్న డబ్బా, పీచు, ఆముదం, పిండి అన్నీ ఉత్త వేషం. మా ఇంజన్లు బానెట్ కింద దుమ్మును జల్లెడ లేకుండా తాగుతున్నాయి. మేము గుర్రమని మురిసిపోయింది ఆ అడ్డులేని గాలికి.

మర్నాడు పొద్దున్నే మోచేతి గొట్టం విప్పి తీసుకుని షెడ్డుకు పోయాను. గురువారం కాదు, ఎవరూ లేరు. ఉస్తాద్ పీచు కడుగుతున్నాడు. గొట్టం అతని ముందు పడేశాను.

"ఇదేంది ఉస్తాద్?"

తీసుకుని చూశాడు. రంధ్రాల అంచు చుట్టూ బొటనవేలు తిప్పాడు. "అంచులు మంచిగనే ఉన్నయి" అన్నాడు. నాకు చెబుతున్నట్టు కూడా లేదు, తనలో తాను అనుకున్నట్టుంది.

"ఎప్పటిసంది?"

"దండ ఏసిన్రు గద. దానికి ముంగటి జుమేరాత్ సంది."

"అందరి బండ్లకా?"

"అందరియి."

"మా బావ బండికి?"

గొట్టం తిరిగి నా చేతికిచ్చాడు. "మొదటి దినమే" అన్నాడు.

"మరి వారం వారం గీ పీచు కడుగుడెందుకు? గీ పిండెందుకు?"

"పిండి బండికి గాదు భాయ్. మీకు." తడిచేతులు మడ్‌గార్డుకు రాశాడు. "మీరేమడిగిన్రు? గుంజుతలేదు, గుంజుతలేదు అని లొల్లి జేసిన్రు. పీచు ఉంటె దుమ్ము ఆగుతది, బండి గుంజది. పీచు లేకుంటె బండి గుంజుతది, దుమ్ము పోతది. రెండు ఒక్కపారి గావాల్నంటె యాడికెల్లి తేవాలె? నిజం జెప్తె అవుతలి షెడ్డుకు పోతుంటిరి."

"ఒక్కమాట జెప్పి ఉంటె..."

"జెప్తె నువ్వు ఇంటుంటివా? దండ తెచ్చింది నువ్వే గదా?"

నేను వినేవాణ్ణి. ఈ రోజుకూ అంటాను, వినేవాణ్ణి. మందంగా నడిచే బండితో బతికేవాణ్ణి. మిగతావాళ్ళ సంగతి నాకు తెలియదు. కానీ ఆ క్షణం నోటికి వచ్చినవి తిట్లే. కంచే చేను మేసిందన్నాను. నీ ముక్కుకు మాత్రం తడి తువ్వాలు కావాలి, మా బండ్లకు మట్టి పోస్తావా అన్నాను. సరిగ్గా అప్పుడే ఒక లారీ వచ్చింది. ఉస్తాద్ అలవాటుగా తువ్వాలు తీసి ముక్కుకు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నా తిట్లు మధ్యలో ఆగిపోయాయి. దుమ్ము అణిగేదాకా నేను అతని ఎదురుగా ఊపిరి బిగబట్టి నిలబడ్డాను, కొట్టడానికి ఎత్తిన గొట్టం చేతిలోనే ఉంది. దుమ్ము అణిగింది. అతను కళ్ళు తెరిచి మళ్ళీ పీచు కడగడం మొదలుపెట్టాడు. నేను వచ్చేశాను.

బావకు అంతా చెప్పాను. రంధ్రాల గొట్టం చూపించాను. బావ చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూసి, కొట్టం గోడకు ఆనించి పెట్టాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. జుమేరాత్ రానీ, అందరి ముందూ ఉస్తాద్ బండారం బయటపెడతానని నేను ఎగిరాను. నేను తీసుకుపోయిన పది పన్నెండు మంది బండ్లూ ఇంకా పూర్తిగా చెడలేదు. రేకు ముక్క అతికించి ఆ రంధ్రాలు మూసేస్తే బతికేవే. గొట్టం తిరిగి తెచ్చుకుని, నా బండికి ఆ సాయంత్రమే మూసేశాను.

బుధవారం నాడు ఉస్తాద్ ఉప్పుగూడకు నడుచుకుంటూ పోయాడట. మోటారు ఎక్కడు కదా, బహదూర్‌పురానుంచి అంత దూరం దమ్ము జబ్బుతో నడిచాడు. కొట్టంలో ఇటుకల మీది బండి చూశాడు. బావతో, "రేపటిసంది నా దగ్గరికి రా. పీచు పని, పిండి పని నువ్వు జూస్కో" అన్నాడట. బావ ఒప్పుకున్నాడు.

ఈ సంగతి చెప్పడానికి అక్క ఆ రోజే మా ఇంటికి వచ్చింది. గడప దాటి లోపలికి రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడింది.

"రేపు నువ్వు షెడ్డుకు పోవద్దు తమ్ముడా" అంది.

"ఏంది అక్కా? వాడు బావ బండిని తిన్నడు!"

"తిన్నడు. నాకు తెల్వదా? నీ మాట మీద బర్రెలమ్మినం, నీ మాట మీదనే బండి ఆయన చేతుల పెట్టినం. ఇప్పుడు ఆయనే ఇంత కూడు పెడుతున్నడు. నువ్వు నోరు తెరిస్తె ఆ షెడ్డుల ఒక్క బండన్న నిలబడ్తదా? మల్ల మేమేం తినాలె?"

"మరి మిగిలినోళ్ళ బండ్లు అక్కా? వాళ్ళను గూడ నేనే తీస్కపోయిన."

"వాళ్ళకు వేరే తమ్ముళ్ళుంటరు. నాకు నువ్వొక్కనివే" అంది అక్క. "ఈ ఒక్కపారి నోరు మూస్కో."

ఉస్తాద్ జాలితో బావకు పని ఇచ్చాడా, నా నోరు కట్టడానికి ఇచ్చాడా? ఇన్నేళ్ళు ఆలోచించాను. పాపం ఉస్తాద్, ఎంతైనా మనసున్నవాడు అని ఒక్కొక్కసారి అనుకోబోతాను. మరుక్షణమే, నా మూతి ఎక్కడ మూయాలో చేయి పెట్టి చూసుకున్నాడు దొంగ అనిపిస్తుంది. రెండోదే నిజమని నా నమ్మకం. మా బావ మాత్రం అతను పోయేదాకా ఆ షెడ్డులోనే పనిచేశాడు. ఆ రంధ్రాల సంగతి వాళ్ళిద్దరి మధ్య ఒక్కసారైనా వచ్చిందో లేదో, బావ నాకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆ గురువారం నేను పోలేదు. ఆ తరవాత కూడా పోలేదు. ఎందుకు రావడం లేదని తోటి డ్రైవర్లు అడిగితే, కిరాయిలున్నాయని చెప్పేవాణ్ణి. నా బండి మందంగా పోతోందని నవ్వేవాళ్ళు. ఒకరి తరవాత ఒకరి బండి వెనక నీలిపొగ మొదలవడం నేను చార్మినార్ నీడలో కూర్చుని చూశాను. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చేది. అక్క ముఖం గుర్తుకొచ్చి మింగేసేవాణ్ణి.

కొన్ని నెలలకు ఒక కొత్త డ్రైవరు వచ్చాడు. ఉప్పుగూడవాడే, మా అక్కవాళ్ళకు రెండిళ్ళ అవతల. గుమాస్తా పని మానుకుని బండి కొన్నాడు. నా పక్కన ఆపుకుని, చంటిపిల్ల ముఖం మీది గుడ్డ తీసినంత మెల్లగా బానెట్ ఎత్తి చూపించాడు. కంపెనీ పెట్టిన జాలి డబ్బా దాని చోటులో ఉంది, తళతళలాడుతోంది.

"అందరు ఉస్తాద్ దగ్గర మార్పించుకొమ్మంటున్నరు అన్నా" అన్నాడు. "నాకు ఆయన తెల్వదు. వాళ్ళు గూడ తెల్వదు. నువ్వు తెలుసు. నువ్వు జెప్పు, పోవాల్నా?"

షెడ్డులో మా బావ ఉన్నాడు. ఇంట్లో అక్క ఉంది. ఇతను నా ముఖంలోకే చూస్తున్నాడు.

"పో" అన్నాను.

"నువ్వన్నవు, ఇగ సాలు" అని బానెట్ మూసి, బండి బహదూర్‌పురా వైపు తిప్పాడు.

బావ బండి పోయినందుకు ఉస్తాద్‌ను ఎప్పుడో క్షమించి ఉండేవాణ్ణేమో. ఆ ఒక్క మాట నా నోటితో అనిపించినందుకు ఇప్పటికీ క్షమించలేదు.